యోనాతాను రాజీ చేసింది ఒక్కసారే

కోస్తాలోని ఒక పల్లె సంఘం నుంచి ఒక సోదరి ఎనిమిది పేజీల ఉత్తరం రాసింది. పేర్లు తీసేసి, గుర్తుపట్టే వివరాలు మార్చి, దాని సారం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె ప్రైవేటు బడిలో టీచరు. వయసు 36. ఆమెకూ ఆమె స్నేహితురాలికీ మిషను హాస్టల్లో ఆరో తరగతిలో మొదలైన స్నేహం. ఇద్దరూ ఒకే ఊరికి కోడళ్ళుగా వచ్చారు. పాతికేళ్ళుగా పక్కపక్కన నిలబడి పాడుతున్నారు. స్నేహితురాలి భర్త రొయ్యల చెరువులు లీజుకు చేస్తాడు, సంఘంలో కోశాధికారి. పెళ్ళయిన మూడో ఏడు నుంచీ కొడుతున్నాడు. మొన్న క్రిస్మస్‌కు ముందు పాస్టరుగారు ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడితే అతను ఏడ్చాడు, బైబిలు మీద చెయ్యి వేసి ఇక ముట్టుకోనన్నాడు. మూడు నెలలు బాగానే ఉన్నాడు. ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం రాత్రి గొంతు పట్టుకున్నాడు.

శుభ శుక్రవారం ఆరాధనకు స్నేహితురాలు కొంగు మెడ చుట్టూ కప్పుకుని వచ్చింది. పాట ఎత్తుకోబోతే గొంతు పెగల్లేదు. జలుబు చేసిందంది. అందరూ వెళ్ళాక కొంగు తీసి మెడ చూపించింది. ఆ వెంటనే చేతిలో చెయ్యి వేయించుకుని, "దేవుని ఎదుట మాటియ్యి, ఎవరికీ చెప్పనని" అంది. ఈ సోదరి మాటిచ్చింది.

భర్త రోజూ రాత్రి భార్య ఫోను తీసుకుని చూస్తాడు. పుట్టింటికి పోతే చెరువులో తేలతావని ఒకసారి అన్నాడు. తొమ్మిది చదివే కూతురు, ఆరు చదివే కొడుకు ఉన్నారు. పాస్టరమ్మగారు "సహించు, నీ ప్రార్థనే అతన్ని మారుస్తుంది" అంటున్నారు. ఈ సోదరి భర్తేమో "మనకెందుకు, రేపు మన మీద పడతాడు" అంటున్నాడు. ఇచ్చిన మాట తప్పితే దేవుని ఎదుట దోషినవుతానా? తప్పకపోతే ఆమె ప్రాణానికి నేను బాధ్యురాలినవుతానా? నేను పోలీసుల దగ్గరికి వెళ్తే అతను ఇంకా రెచ్చిపోడా? ఇవీ ఆమె ప్రశ్నలు.

తల్లీ,

నువ్వు ఇచ్చిన బడి నంబరుకు ఉత్తరం అందిన రోజే ఫోన్ చేసి ఒక్క మాట చెప్పాను. అదే ఇబ్బందిలో ఉన్న మరొకరు చదువుతారేమోనని ఇక్కడా రాస్తున్నాను. మిగతా ఏ నిర్ణయమైనా తర్వాత, ముందు ఆమె డాక్టరుకు కనబడాలి. గొంతు నొక్కినప్పుడు పైకి మచ్చ కూడా పడకపోవచ్చు. లోపల స్వరపేటిక, మెడలోని రక్తనాళాలు దెబ్బతింటే రోజుల తర్వాత కూడా పక్షవాతం రావచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగుడు పడకపోవడం, ఊపిరి అందకపోవడం, కళ్ళలో ఎర్రటి చుక్కలు, ఆ సమయంలో కళ్ళు తిరిగి పడిపోవడం, ఇందులో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చెయ్యకూడదు. డాక్టరుకు "జారిపడ్డాను" అనకుండా జరిగింది జరిగినట్టు చెప్పమను. అలా చెబితే ఆసుపత్రివాళ్ళు పోలీసులకు కబురు పంపే అవకాశం ఉంది. ఆ సంగతి ఆమెకు ముందే చెప్పి తీసుకెళ్ళు, అక్కడ ఉలిక్కిపడనియ్యకు. ఆమె కేసు పెట్టినా పెట్టకపోయినా ఆ ఆసుపత్రి కాగితం రేపు పనికొస్తుంది.

ఇంకో మాట సూటిగా చెబుతాను. చెంపదెబ్బ కొట్టే మనిషి గొంతు పట్టుకునే దాకా వచ్చాడంటే, దాన్ని పన్నెండేళ్ళుగా పడుతున్న దెబ్బల్లో మరో దెబ్బగా లెక్క వెయ్యకూడదు. ఇలాంటి ఇళ్ళను దగ్గరగా చూసినవాళ్ళు ప్రాణాపాయానికి గుర్తుగా మొదట అడిగేది అదే: "ఎప్పుడైనా గొంతు నొక్కాడా?" నువ్వు భయపడుతున్నది అతిగా కాదు.

ఇక మాటిచ్చిన సంగతి. నీ ఉత్తరంలో నాలుగు పేజీలు దాని గురించే ఉన్నాయి, అందుకే నేనూ దాని దగ్గర కాసేపు ఆగుతాను. న్యాయాధిపతుల గ్రంథంలో యెఫ్తా తొందరపడి మొక్కుకున్నాడు, మాట తప్పకూడదని కూతుర్ని పోగొట్టుకున్నాడు. సువార్తలో హేరోదు విందులో అందరి ముందు ఒట్టు పెట్టుకున్నాడు. మనసుకు కష్టమనిపించినా ఒట్టు కోసమని బాప్తిస్మమిచ్చు యోహాను తల తీయించాడు. ఆ రెండు ఒట్లూ నిలబడ్డాయి. వాటిని నిలబెట్టుకున్నందుకు వాళ్ళను మెచ్చుకున్న వాక్యం ఎక్కడైనా ఉందా, వెతికి చూడు. ఒకరి ప్రాణం తీసే ఒట్టును నిలబెట్టుకోవడం నమ్మకత్వం అనిపించుకోదు.

అయితే నీ స్నేహితురాలు ఆ మాట ఎందుకు తీసుకుందో కూడా ఆలోచించు. "ఇంటి గుట్టు లంకకు చేటు" అని, "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది" అని మన అమ్మలు మనకు నేర్పారు. పరువు ఆమెకు భయం, కాదనను. కానీ అంతకంటే పెద్ద భయం ఒకటుంది. ఈ సంగతి ఎవరి చెవిన పడినా తిరిగి తిరిగి భర్త చెవికి చేరుతుందని, ఆ రాత్రి తను ఒక్కతే అతనితో ఇంట్లో ఉండాలని. కిందటిసారి పాస్టరుగారికి చెబితే జరిగింది అదేగా! అందుకని ఆమె నీ దగ్గర తీసుకున్న మాటను నేను "నన్ను మళ్ళీ అపాయంలో పడెయ్యకు" అనే వేడుకోలుగా చదువుతున్నాను. ఆ వేడుకోలును నువ్వు నిలబెట్టవచ్చు. అతనికి చేరే దారిలో ఎవరికీ చెప్పకు. ఆమెను కాపాడగల వాళ్ళకు, ఆమెకు తెలియజేసి చెప్పు. "నీకు మాటిచ్చాను, కానీ నీ మెడ చూశాక ఆ మాట నేను మొయ్యలేను. నీకు చెప్పకుండా ఏదీ చెయ్యను, నువ్వు చచ్చిపోతుంటే మాత్రం ఊరుకోను" అని ఆమె ముఖం చూసి చెప్పు. కోపం వస్తుంది, రానియ్యి. మేలు కోరి స్నేహితుడు గాయాలు చేస్తాడని సామెతలు 27లో ఉన్నది ఇలాంటి చోటికే.

నువ్వు దావీదు యోనాతానుల పేరెత్తావు. హాస్టల్లో మీ ఇద్దరినీ వార్డెనమ్మ అలా పిలిచేదన్నావు. ఆ కథను మనం పిల్లలకు అంగీ, విల్లు ఇచ్చిన ముచ్చటగా చెప్పి వదిలేస్తాం. మొదటి సమూయేలు 19 నుంచి 23 వరకు ఏకబిగిన చదువు. నీ ఉత్తరమే కనబడుతుంది.

సౌలు రాజు, ఇంట్లోనే ఈటె విసిరే మనిషి. యోనాతాను అతని కొడుకు, దావీదుకు ప్రాణ స్నేహితుడు. 19వ అధ్యాయం మొదట్లో యోనాతాను మధ్యవర్తిగా వెళ్ళాడు, తండ్రికి నచ్చజెప్పాడు. సౌలు మెత్తబడ్డాడు, దావీదును చంపనని యెహోవా పేరు మీద ప్రమాణం చేశాడు. యోనాతాను సంతోషంగా దావీదును వెనక్కి తీసుకొచ్చి అదే ఇంట్లో పెట్టాడు. కొన్నాళ్ళు అంతా మునుపటిలాగే ఉంది. తర్వాత అదే అధ్యాయంలో సౌలు మళ్ళీ ఈటె విసిరాడు, అది గోడకు నాటుకుంది.

మీ పాస్టరుగారు క్రిస్మస్‌కు ముందు చేసింది తప్పని నేననను. యోనాతాను కూడా మొదట అదే చేశాడు. బైబిలు మీద వేసిన చెయ్యి మట్టల ఆదివారం రాత్రి మెడ మీదికి వచ్చింది చూడు, ఆ తర్వాత కూడా మరోసారి కూర్చోబెడదాం, మరోసారి ప్రమాణం చేయిద్దాం అంటేనే నాకు భయం. యోనాతాను రెండోసారి రాజీకి పోలేదు.

ఇంకో సంగతి గమనించు. 20వ అధ్యాయంలో దావీదు వచ్చి "నీ తండ్రి నన్ను చంపాలని చూస్తున్నాడు" అంటే, యోనాతాను అంత ప్రేమ ఉన్నవాడు కూడా మొదట నమ్మలేదు. అలా ఎన్నటికీ జరగదన్నాడు. నాన్న నాకు చెప్పకుండా ఏదీ చెయ్యడన్నాడు. అప్పుడు దావీదు అన్న మాట ఇది: "నిజముగా నాకును మరణమునకును అడుగు మాత్రమున్నది." ఇంట్లోవాళ్ళకు, సంఘంవాళ్ళకు ఆ మనిషి మంచి ముఖమే కనబడుతుంది. కానుకల లెక్క పైసాతో సహా అప్పజెప్పే కోశాధికారి, ఈస్టరుకు అందరికీ అన్నదానం చేసే దాత. ఈటె ఎటు విసురుతాడో ఈటె తప్పించుకున్నవాడికే తెలుసు. పాస్టరమ్మగారు నమ్మకపోవడం చెడ్డతనం వల్ల కాకపోవచ్చు. కానీ ఆమె నమ్మేదాకా ఆగే తీరిక నీకు లేదు.

నేనూ ఒకప్పుడు నమ్మలేదమ్మా. ఇరవై ఏళ్ళ కిందట స్త్రీల సమాజంలో ఒక చెల్లెలు ఉపవాస కూటం అయ్యాక నా పక్కన కూర్చుని తన ఇంటి సంగతి మొదలుపెట్టింది. నేను చెయ్యి పట్టుకుని ప్రార్థన చేశాను. "పిల్లల ముఖం చూసి సర్దుకో" అని చెప్పి పంపించాను. ఆరు వారాల తర్వాత ఆమెను ఆసుపత్రిలో చూశాను. ప్రాణం దక్కింది, ఎడమ చెవి వినికిడి పోయింది. నా మీద ఆమెకు కోపం లేదు, ఇప్పటికీ పండక్కి వస్తుంది. నేను మాత్రం ఆమె కుడివైపే కూర్చుంటాను. అందుకే నీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇక నీ ముందున్న దారులు. దేనికి ఏమవుతుందో నాకు తెలిసినంత చెబుతాను, ఎంచుకోవాల్సింది మీరిద్దరు, అందులోనూ ముందు ఆమె.

మొదట వద్దన్నది చెప్పేస్తాను. నువ్వుగానీ నీ భర్తగానీ వెళ్ళి అతన్ని నిలదియ్యకండి. పది మంది పెద్దల్ని వెంటేసుకుని వెళ్ళినా అంతే. సిగ్గుపడి మానేస్తాడని మనకు అనిపిస్తుంది. మీరు అరుగు దిగాక ఆ సిగ్గంతా ఆమె మీద తీర్చుకుంటాడు.

ఊరకే పక్కన ఉండి ప్రార్థించడం ఒక దారి. నీ భర్త అడిగేది అదే, నిన్ను ప్రేమించే అడుగుతున్నాడు. ఆయన భయాన్ని కొట్టిపారెయ్యకు. సౌలు యోనాతాను మీదికి కూడా ఈటె విసిరాడు, కన్నకొడుకని చూడలేదు. నీ ఇంటికి ముప్పు రాదని నేను హామీ ఇవ్వలేను. కానీ ఈ గొంతు నొక్కిన సంగతి ఆమె నీ దగ్గర తప్ప ఎక్కడా నోరు విప్పి చెప్పలేదు. నువ్వూ వెనక్కి తగ్గితే ఆమెకు బయటి లోకంతో ఉన్న ఒక్క కిటికీ మూసుకుంటుంది. నీ భర్తతో ఇలా మాట్లాడి చూడు: మన ఇంట్లో దాచిపెట్టం, అతనితో తగవు పెట్టుకోం, మనం చేసేది కబురు అందించడం, కాగితాలు భద్రపరచడం, అంతే. అంతవరకైతే ఆయన ఒప్పుకోవచ్చు.

కబురు అందించడం గురించి ఎక్కువమందికి తెలియనిది ఒకటుంది. 2005లో వచ్చిన గృహహింస నిరోధక చట్టంలో 4వ సెక్షన్ ప్రకారం, ఒక స్త్రీకి ఇంట్లో హింస జరుగుతోందని, జరగబోతోందని నమ్మకమైన కారణం ఉన్న ఎవరైనా ప్రొటెక్షన్ ఆఫీసరుకు, అంటే ఆ చట్టం కింద నియమించిన రక్షణ అధికారికి, తెలియజేయవచ్చు. బంధువే కానక్కర్లేదు. సదుద్దేశంతో చెప్పినవారి మీద సివిల్ బాధ్యతగానీ క్రిమినల్ బాధ్యతగానీ ఉండదని అదే సెక్షన్ చెబుతుంది. అంటే నీలాంటి స్నేహితురాలి కోసం చట్టంలో ఒక గుమ్మం తెరిచే ఉంది. 181కి ఫోన్ చేస్తే మహిళా హెల్ప్‌లైన్ వాళ్ళు దారి చూపుతారు. వన్ స్టాప్ సెంటరు, అదే సఖి కేంద్రం, ఎక్కడుందో చెబుతారు. వైద్యం, పోలీసు సాయం, లాయరు సలహా, కొద్దిరోజుల బస అన్నీ అక్కడ ఒకేచోట దొరుకుతాయి. అప్పటికప్పుడు ప్రాణం మీదికి వస్తే మాత్రం 112. ఫోన్ నీ బడి నుంచి చెయ్యి, ఆమె ఫోన్ నుంచి వద్దే వద్దు. గ్రామ సచివాలయంలో మహిళా పోలీసు ఉన్నా, చిన్న ఊళ్ళో ఎవరు ఎవరికి మేనకోడలో చూసుకుని అడుగు వెయ్యి.

ఆమె అడిగేది శిక్ష కాకపోవచ్చు, దెబ్బలు ఆగడం కావచ్చు. ఆ చట్టం కింద మెజిస్ట్రేటు దగ్గర రక్షణ ఉత్తర్వు అడగవచ్చు. అతను ఆమె దగ్గరికి రాకూడదని, ఆమె పని చేసే చోటికి పోకూడదని కోర్టు చెప్పగలదు. ఇల్లు అతని పేరు మీదే ఉన్నా ఆమెను వెళ్ళగొట్టడానికి వీల్లేదు. మామూలుగా అర్జీ అందిన మూడు రోజుల్లో మొదటి వాయిదా వెయ్యాలని చట్టంలో ఉంది. పరిస్థితి తీవ్రంగా ఉంటే అతన్ని పిలవకముందే తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలు. ఆమె పుట్టింట్లో ఉంటూ అక్కడి కోర్టులోనే అర్జీ పెట్టుకోవచ్చు, మీ ఊరి కోర్టుకు రానక్కర్లేదు. లాయరుకు డబ్బు లేదని ఆగక్కర్లేదు, స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, నంబరు 15100. అయితే కాగితం మీద ఉత్తర్వు తలుపు గడియ కాదు. నోటీసు అందిన రాత్రి ఆమె ఆ ఇంట్లో లేకుండా చూసుకోవాలి.

వెళ్ళిపోవడం ఇంకో దారి. పిల్లలతో సహా. ఇక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే ఇలాంటి మనిషికి ఆమె చెయ్యి దాటిపోతోందని తెలిసిన సమయమే అన్నిటికంటే ప్రమాదం. గొడవ మధ్యలో "నేను పోతున్నా" అని అనకూడదు. అతను చెరువుల దగ్గర రొయ్యలు పట్టించడానికి పోయిన పూట, చెప్పకుండా వెళ్ళాలి. నీ ఇంటికి రాకూడదు, అతను మొదట వచ్చేది అక్కడికే. ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, పిల్లల స్టడీ సర్టిఫికెట్లు, పెళ్ళి సర్టిఫికెట్టు, ఆమె బంగారం, రోజూ వేసుకునే మందులు, ఇవన్నీ ఒక్కరోజు మోసుకురావడం కుదరదు. కుట్టుకు ఇచ్చిన జాకెట్ల సంచిలో ఒకటీ ఒకటీ నీకు చేరవెయ్యమను, బడిలో బీరువాలో పెట్టు. ఫోన్లో లొకేషన్ ఎవరికి కనబడుతోందో, ఆమె వాట్సాప్ ఇంకే ఫోనులోనైనా తెరిచి ఉందో చూడాలి. కానీ అది సర్దితే అతనికి అనుమానం వస్తుంది కాబట్టి బయల్దేరే రోజు దాకా ముట్టుకోకపోవడమే మేలు.

ఆమె ఇప్పుడే వెళ్ళలేనంటే? అనవచ్చు. పరీక్షలయ్యాక అంటుంది, కూతురు పెద్దదైంది ఎవరి పంచన ఉంచను అంటుంది. విసుక్కోకు. మీ ఇద్దరికీ ఒక సంజ్ఞ పెట్టుకోండి. యోనాతాను బాణాలు వేసింది అందుకే కదా. పొలంలో నిలబడి పిల్లవాడితో "బాణాలు నీకు అవతల ఉన్నాయి" అని అరిస్తే, ఆ పిల్లవాడికి ఏమీ అర్థం కాలేదు, రాతి చాటున దాగిన దావీదుకు మాత్రం పారిపొమ్మని తెలిసింది. మీకు పాటల ప్రాక్టీసు ఉంది. "బుధవారం పాట మార్చారా?" అని ఆమె మెసేజ్ పెడితే నువ్వు 112కి ఫోన్ చెయ్యాలని అర్థం. అతను రాత్రి ఫోన్ చూసినా అది పాట సంగతే. పిల్లలకు కూడా అపాయం వస్తే ఏ ఇంటికి పరిగెత్తాలో చెప్పించు. మధ్యలో పడి విడిపించమని మాత్రం ఆ పిల్లకు ఎవరూ చెప్పకూడదు.

వెళ్ళిపోతే పాపమా అని నీ చివరి పేజీలో అడిగావు. దావీదు రాత్రికి రాత్రి కిటికీలోంచి దిగిపోయాడు, దించింది భార్య మీకాలు. దమస్కులో పౌలును శిష్యులు గంపలో పెట్టి గోడ మీద నుంచి దించారు. యోసేపు రాత్రివేళ లేచి శిశువును, తల్లిని తీసుకుని ఐగుప్తుకు పోయాడు. అపాయం చూసి దాగేవాడిని బుద్ధిమంతుడని సామెతలు 22 అంటుంది. భార్య ఎడబాయకూడదని రాసిన పౌలే మొదటి కొరింథీ 7లో ఆ వెంటనే, ఎడబాస్తే ఎలా ఉండాలో కూడా రాశాడు. ఎడబాసే పరిస్థితి వస్తుందని ఆయనకు తెలుసు. విడిగా ఉండటం విడాకులు కాదు. విడాకుల ప్రశ్న ఆమెకు ఎప్పుడైనా వస్తే, 1869 నాటి పాత చట్టంలో క్రైస్తవ భార్య భర్త క్రూరత్వం ఒక్కటే చూపితే చాలేది కాదు, వ్యభిచారం కూడా రుజువు చెయ్యాల్సి వచ్చేది. 2001 సవరణ తర్వాత క్రూరత్వం ఒక్కటే చాలు. అదంతా ఆమె ప్రాణం కుదుటపడ్డాక, తీరిగ్గా. క్షమాపణ కూడా అంతే. దూరం నుంచి కూడా క్షమించవచ్చు. దావీదు సౌలును అరణ్యంలో ఉండే క్షమించాడు, రెండుసార్లు చేతికి చిక్కినా చంపలేదు. ఆ ఇంటికి మాత్రం తిరిగి రాలేదు.

పాస్టరుగారిని పక్కన పెట్టెయ్యమని నేను చెప్పడం లేదు. ఆమె బయటపడ్డాక ఆయనకు పెద్ద పని ఉంది. అతన్ని కోశాధికారి బాధ్యత నుంచి తప్పించాలి, అతని పక్కన కూర్చుని నిజమైన పశ్చాత్తాపం కోసం పట్టుబట్టాలి, ఆమె ఎక్కడుందని సంఘంలో ఎవరూ అడగకుండా చూడాలి. కానీ ఆమె క్షేమంగా చేరే వరకు ఆయనకు చిరునామా చెప్పకు. దయగల మనుషులే "పాపం, ఏడుస్తున్నాడు" అని చెప్పేస్తారు.

నువ్వు ఎవరినీ ద్వేషించాల్సిన పని లేదు. యోనాతాను తండ్రిని వదల్లేదు, గిల్బోవ కొండ మీద అతనితోనే చనిపోయాడు. అయినా దావీదు దాగిన చోటు తండ్రికి చెప్పలేదు. 23వ అధ్యాయంలో ఒక వచనం ఉంది, నాకు మొత్తం కథలో అదే ఇష్టం. దావీదు జీఫు అరణ్యంలో ఉంటే యోనాతాను లేచి అక్కడికి వెళ్ళి, దేవుని బట్టి అతన్ని బలపరిచాడు. ఆ తర్వాత తన ఇంటికి తాను తిరిగి వచ్చాడు. ఇల్లు వదిలి వెళ్ళిన మనిషికి మొదటి వారం అందరూ ఫోన్ చేస్తారు. మూడో నెలలో, డబ్బు అయిపోయి, కొడుకు నాన్న కావాలని ఏడుస్తూ, తిరిగి వెళ్ళిపోదామా అనిపించే రోజు ఎవరూ ఉండరు. నువ్వు ఆ రోజుకు బస్సు ఛార్జీ దాచుకో.

ఈ పేజీ ఇంటికి తీసుకెళ్ళకు. నంబర్లు మూడూ, 181, 112, 15100, ఆమెకు నోటికి నేర్పించు. కాగితం బడిలోనే వదిలెయ్యి. డాక్టరు ఏమన్నారో ఆ బడి నంబరు నుంచే నాకు చెప్పు.